తెర మీద భౌతికశాస్త్రం: తొలి 50 ఏళ్లు

బంతి నేలను తాకి ఎంత ఎత్తు లేస్తుందో, లోలకం ఎలా ఊగుతుందో కంప్యూటర్ చేత లెక్క కట్టించి తెర మీద చూపేవి భౌతిక అనుకరణ ప్రోగ్రాములు. డిజిటల్ కంప్యూటర్లలో ఇవి సెకనును చిన్న చిన్న ముక్కలుగా విడగొడతాయి. ఒక్కో ముక్కలో ప్రతి వస్తువు మీద పనిచేసే బలాలను కూడి, న్యూటన్ నియమాల ప్రకారం దాని కొత్త వేగాన్నీ కొత్త స్థానాన్నీ లెక్కిస్తాయి. వీటి చరిత్రలో చదువూ ఆటా మొదటి నుంచీ జంటగానే నడిచాయి.

1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవన్ జాతీయ ప్రయోగశాలకు వచ్చే సందర్శకుల కోసం విలియం హిగిన్‌బోథమ్ అనే శాస్త్రవేత్త ‘టెన్నిస్ ఫర్ టూ’ అనే ఆటను రూపొందించారు. అనలాగ్ కంప్యూటర్ బంతి దారిని లెక్కిస్తే, ఆసిలోస్కోపు తెర దాన్ని చూపేది. మరుసటి ఏడాది చంద్రుడి మీదా బృహస్పతి మీదా ఆడితే బంతి ఎలా ఎగురుతుందో కూడా చూపారు. గురుత్వాకర్షణను ఇష్టం వచ్చినట్టు మార్చి చూడడం బడి ప్రయోగశాలలో సాధ్యం కాదు. తరువాతి ప్రోగ్రాములన్నిటికీ ఆ వెసులుబాటే ప్రాణం.

పిల్లల చదువులో ఇలాంటి అనుకరణల విలువను ఎం.ఐ.టి.లో ఆండ్రియా డిసెస్సా బయటపెట్టారు. పిల్లల ప్రోగ్రామింగ్ భాష లోగోలో ఆదేశాల ప్రకారం తెర మీద కదిలే తాబేలుకు ఆయన జడత్వం కల్పించారు. ఒకసారి తంతే ఈ ‘డైనాటర్టిల్’ ఆగదు. పైకి పోతున్న తాబేలును కుడివైపు మళ్లించాలని పిల్లలు కుడివైపు తన్నేవారు. అది ఏటవాలుగా పోయేది. తోసిన వైపే వస్తువు కదులుతుందన్న నమ్మకం వాళ్లలో ఎంత లోతుగా పాతుకుందో ఆయన 1982లో ప్రచురించిన పరిశోధన చూపింది.

1989లో డేవిడ్ బజూకీ, ఆయన సోదరుడు గ్రెగ్ మెకింతోష్ కంప్యూటర్లకు ‘ఇంటరాక్టివ్ ఫిజిక్స్’ తెచ్చారు. ప్రోగ్రాము రాయడం రాకున్నా విద్యార్థులు స్ప్రింగులనూ కప్పీలనూ మౌసుతో అమర్చి ప్రయోగం చేయగలిగారు. పాఠం అయ్యాక కార్లను ఢీకొట్టించారు, భవనాలను కూల్చారు. ఆ ఉత్సాహాన్ని గమనించిన బజూకీ, ఎరిక్ కాసెల్‌తో కలిసి స్థాపించిన ఆటల వేదిక ‘రోబ్లాక్స్’ 2006లో జనంలోకి వచ్చింది.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ‘ఫెట్’ ప్రారంభించారు. ఇందులోని అనుకరణలు అందరికీ ఉచితం. విద్యార్థులు వాటిని వాడుతుండగా పరిశీలించి, తడబడిన చోట్ల మార్పులు చేయడం ఈ బృందం పద్ధతి.

2008లో స్వీడన్‌లోని ఉమెయొ విశ్వవిద్యాలయ విద్యార్థి ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ తన మాస్టర్స్ థీసిస్ కోసం చేసిన ‘ఫన్’ను విడుదల చేశారు. అందులో చేత్తో గీసిన బొమ్మ బరువు పొంది కింద పడుతుంది. రెండు చక్రాలు గీసి బిగిస్తే బండి కదులుతుంది. మరుసటి ఏడాది అది ‘ఆల్గొడూ’గా మారి తరగతి గదులకు చేరింది. 2009లోనే వచ్చిన ‘యాంగ్రీ బర్డ్స్’ ఎరిన్ కాటో ఉచితంగా అందించిన ‘బాక్స్2డి’ అనే లెక్కల యంత్రాంగం మీద నడిచింది.

సెకనును ముక్కలు చేసి కట్టే ఈ లెక్కలన్నీ ఉజ్జాయింపులే. కాలపు ముక్క మరీ పెద్దదైతే, వేగంగా పోయే బంతి గోడను తాకకుండానే అవతల తేలుతుంది. ముక్కను చిన్నది చేసినకొద్దీ ఫలితం నిజానికి దగ్గరవుతుంది, కంప్యూటర్‌కు పని పెరుగుతుంది.