విషపుటెర

పాలమూరు, నల్లగొండ చేలలో పండు ఆముదపు గింజలోను, మన కంసాలులు బంగారము తూచిన గురివింద గింజలోను దాగియున్న విషములను ఎలుకలకు కొద్దికొద్దిగా తినిపించి, వాని దేహము వానిని క్రమముగా తట్టుకొన నేర్చునని 1891లో నిరూపించిన జర్మను వైద్యుడు పాల్ ఎర్లిక్, తరువాతి కాలమున, రోగమూలమునే తాకి తక్కిన శరీరమును విడుచు 'మంత్రపు తూటా'ను గూర్చి కలగనెను. మందుగుండు నాటికే కలదు, లేనిది గురి.

ఆ గురి దొరకిన చోటు విచిత్రము. అమెరికాలో స్టాన్లీ కోహెన్ ఎలుకల లాలాజల గ్రంథినుండి తీసిన పదార్థమును పురిటి ఎలుకపిల్లలకు ఎక్కింపగా, రెండు వారములకు గాని విచ్చుకొనని కనురెప్పలు ఒక వారమునకే విచ్చుకొనెను. 1962లో వెల్లడియైన ఆ పదార్థమే ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్. ఇట్టి వృద్ధికారకములను అందుకొను గ్రాహకములు కణముల పైపొరమీద ఉండును. పలు కాన్సరు కణములపై అవి మితిమీరి మొలచును. పెరుగుదలకై చాచిన ఆ చేతులలోనే విషము నుంచినచో?

1980లో అట్లే చేసిరి. ఆముదపు గింజలోని విషమైన రిసిన్ లోని చంపు ఖండమును ఆ కారకమునకు కట్టగా కణములు చచ్చెను. డిఫ్తీరియా విషములోని చంపు ఖండమును కట్టగా ఏమియు కాలేదు! గుమ్మము చేరుట వేరు, గడప దాటుట వేరు. నాకు ఈ చరిత్రలో మిక్కిలి విలువైనదిగా తోచునది ఈ వైఫల్యమే. ఏలయన, డిఫ్తీరియా విషమునకు పట్టుకొను భాగము, పొరను దాటించు భాగము, చంపు భాగము అని మూడు కలవు. చంపు భాగపు అణువు ఒక్కటి లోనికి పోయినను ప్రోటీనుల తయారీ నిలిచి కణము నశించును. బోస్టనులో జాన్ మర్ఫీ బృందము కడపటి రెంటిని ఉంచి, పట్టుకొను భాగమును తొలగించి, ఆ స్థానమున, ఒకప్పుడు టి-కణముల వృద్ధికారకమని పిలువబడిన ఇంటర్‌ల్యూకిన్-2ను జన్యుశిల్పముచే అతికెను. చర్మమునకు సోకు ఒక జాతి టి-కణ లింఫోమాకై ఆ మందును అమెరికా ప్రభుత్వము 1999లో అంగీకరించెను. ఇంటర్‌ల్యూకిన్-3ను అతికిన దాని తోబుట్టువు ఒక అరుదైన రక్తకాన్సరుకై 2018లో వచ్చెను.

ఐనను చిక్కు తీరలేదు. బాల్యమున డిఫ్తీరియా టీకా పొందినవారి రక్తములో ప్రతిదేహములు ఉండి, మందును కణము చేరకమునుపే పట్టివేయుటకు చూచును. ఎర్లిక్ ఎలుకల పాఠమే మరల ఎదురైనది. కేశనాళికలనుండి రక్తద్రవము కారిపోవు ప్రమాదము అంతకంటె భయంకరము. కనుకనే నేటికిని వైద్యులు మందు ఎక్కించుటకు ముందు రక్తములోని ఆల్బుమిన్‌ను కొలిచి, రోగి బరువు ఒక్కసారిగా పెరిగినదేమోయని దినదినము తూచి చూచుచున్నారు.