మాత్రకు ముందు మాట

ఎయిడ్స్ చికిత్సకు అనుమతి పొందిన తొలి మందు జిడోవుడిన్ 1987 మార్చిలో అమెరికాలో వెలువడింది. ఇది ఎముక మజ్జను దెబ్బతీసి తీవ్రమైన రక్తహీనత కలిగించగలదు. అయితే అంతకు నాలుగేళ్ల ముందే, 1983లో డెన్వర్ నగరంలో కలుసుకున్న ఎయిడ్స్ రోగులు, తమకు చేసే వైద్యంలోని ప్రమాదాలను తమకు పూర్తిగా వివరించాలని, అది తమ హక్కని ప్రకటించారు. మందు చేతికి రాకముందే దాని కీడును తెలుసుకునే హక్కును రోగులే అడిగి ఉంచడం వైద్యచరిత్రలో అరుదైన విషయం.

భారతదేశంలో ఉచిత ఏఆర్‌టీ, అంటే వైరస్ పెరగకుండా అణచే మందులను కలిపి జీవితాంతం ఇచ్చే చికిత్స, 2004 ఏప్రిల్ 1న వ్యాధి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాల్లోను ఢిల్లీలోను మొదలైంది. ఆ ఆరింటిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాటి మందుల్లో నెవిరపిన్‌ను మొదటి 14 రోజులు రోజుకొక మాత్రగా, దద్దుర్లేమీ లేకుంటే ఆపైన రోజుకు రెండుగా ఇచ్చేవారు కాబట్టి, తన చర్మాన్ని తాను గమనించుకోవడం రోగికి చికిత్సలో భాగమైంది. జ్వరం, నోటిపూత, కళ్ల ఎరుపు, పొక్కులు, కామెర్లలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి రావాలని, కొద్దిపాటి దురదకు భయపడి మాత్రలు సొంతంగా మానవద్దని కౌన్సెలర్లు ఒకే ఊపిరిలో చెప్పవలసి వచ్చేది. నెవిరపిన్ రక్తంలో చాలా రోజులు నిలుస్తుంది. అన్నిటినీ ఒకేసారి మానితే తోడు మందులు ముందే కరిగిపోయి అదొక్కటే మిగలడంతో, వైరస్ దానికి లొంగకుండా మారే అవకాశం ఏర్పడుతుంది. భయాన్నీ ధైర్యాన్నీ ఇంత సన్నగా తూచి చెప్పగలగడం నిజంగా గొప్ప నేర్పు.

మరో మందు ఎఫావిరెంజ్‌తో తల తిరగడం, చిత్రమైన కలలు రావడం మామూలే గనుక రాత్రి పడుకునే ముందు వేసుకోమనేవారు.

నాటి మందుల్లోనే ఇంకొకటైన స్టావుడిన్ విషయంలో మాత్రం మాటకు అంత బలం లేకపోయింది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు మొదలైతే చెప్పమని ముందే హెచ్చరించవచ్చు. కానీ నెలలు గడిచేకొద్దీ ముఖంలోను కాళ్లుచేతుల్లోను కొవ్వు కరిగి చెంపలు లోతుకు పోతుంటే, ఇంట్లోవారికి కూడా చెప్పుకోని వ్యాధిని ఆ ముఖమే ఊరికి చాటేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ మందును క్రమంగా విరమించాలని సూచించింది. మందు మార్చిన తరువాత కూడా చాలామంది చెంపలు పూర్తిగా పూడలేదు.