ఎర్ర రుమాలు నుంచి బొగ్గు స్టిక్కర్ దాకా: వెస్ట్ వర్జీనియా కథ

ఈ ఎపిసోడ్‌లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియా గురించి మాట్లాడుకుందాం. 2016 ఎన్నికల్లో అక్కడ ట్రంప్‌కి దాదాపు 68 శాతం ఓట్లొచ్చాయి. ఆ తర్వాత విలేకరులంతా ఆ కొండల్లోకి వరుస కట్టారు, ఈ పేద తెల్లవాళ్లకి ఇంత కోపం ఎందుకొచ్చిందో కనుక్కుందామని. నన్నడిగితే కోపం అక్కడ కొత్త సరుకేం కాదు, వందేళ్ల నుంచి ఉన్నదే. అది ఎవరి మీద అన్నది మాత్రం మారింది. ఎలా మారిందో చూద్దాం.

1920 నాటికి దక్షిణ వెస్ట్ వర్జీనియాలో గని కార్మికుడి బతుకంతా కంపెనీ చేతిలోనే ఉండేది. ఇల్లు కంపెనీది, కొట్టు కంపెనీది. జీతంలో కొంత డాలర్లలో కాకుండా కంపెనీ టోకెన్లలో ఇచ్చేవాళ్లు. అవి ఆ కంపెనీ కొట్లోనే చెల్లుతాయి. యూనియన్‌లో చేరావా, ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది. 1920 మే 19న మేట్‌వాన్ అనే ఊళ్లో సరిగ్గా అదే జరిగింది. బాల్డ్విన్-ఫెల్ట్స్ అనే ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీ మనుషులొచ్చి కార్మికుల సామాన్లు బయట పడేశారు. ఆ ఊరి పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ కార్మికుల పక్షాన నిలబడ్డాడు. తుపాకులు పేలాయి, పది మంది చనిపోయారు. అందులో ఏడుగురు ఏజెన్సీ వాళ్లు.

ఏడాది తిరిగాక, 1921 ఆగస్టు 1న హాట్‌ఫీల్డ్ ఒక కేసు కోసం మెక్‌డవెల్ కౌంటీలోని వెల్చ్ కోర్టుకి వచ్చాడు. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది అనుకోండి. చేతిలో ఆయుధం లేదు, పక్కన భార్య ఉంది. కోర్టు మెట్ల మీదే ఏజెన్సీ మనుషులు అతన్ని కాల్చి చంపారు. ఈ మెక్‌డవెల్ కౌంటీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ హత్యతో కొండలు అంటుకున్నాయి. దగ్గర దగ్గర పదివేల మంది కార్మికులు తుపాకులు పట్టుకుని లోగన్ కౌంటీ వైపు నడిచారు. తెల్లవాళ్లున్నారు, నల్లవాళ్లున్నారు, ఇటలీ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. తమ మనిషెవరో తెలియడానికి మెడలో ఎర్ర రుమాలు కట్టుకున్నారు. 'రెడ్‌నెక్' అనే మాట అంతకుముందే ఉంది, ఎండకి మెడ కమిలిపోయిన పేద రైతుని వెక్కిరించే మాట. ఈ ఎర్ర రుమాళ్ల వాళ్లు దాన్ని కొన్నాళ్లు యూనియన్ గుర్తుగా పెట్టుకుని తిరిగారు. ఈరోజు అమెరికాలో ఆ మాట వాడేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువే.

బ్లెయిర్ మౌంటెన్ దగ్గర షెరీఫ్ డాన్ చాఫిన్ వాళ్లని అడ్డుకున్నాడు. ఆయన డిప్యూటీల జీతాలకి డబ్బిచ్చేది గని యజమానులే. విమానాలు అద్దెకి తెచ్చి నాటు బాంబులు వేయించాడు. చివరికి అధ్యక్షుడు హార్డింగ్ కేంద్ర సైన్యాన్ని పంపాడు. అప్పుడు కార్మికులు తుపాకులు దించేశారు. వాళ్లలో చాలామంది మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చినవాళ్లు, అదే సైన్యం మీద కాల్పులు జరపడానికి చేతులు రాలేదు. మా శత్రువు కంపెనీ, దేశం కాదు అన్నదే వాళ్ల లెక్క.

ఆ దెబ్బకి యూనియన్ పదేళ్లు లేవలేదు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం యూనియన్ పెట్టుకునే హక్కుని చట్టంలో రాశాక, కొద్ది నెలల్లోనే కొండలన్నీ యునైటెడ్ మైన్ వర్కర్స్ సభ్యులతో నిండిపోయాయి. అప్పట్నుంచి డెమొక్రాట్ అంటే యూనియన్, యూనియన్ అంటే డెమొక్రాట్. 1932 నుంచి 1996 దాకా అధ్యక్ష ఎన్నికల్లో ఆ రాష్ట్రం రిపబ్లికన్లకి దక్కింది మూడే మూడుసార్లు: 1956, 1972, 1984.

మరి పునాది ఎక్కడ కదిలింది? 1950లో. యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ కంపెనీలతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. మంచి జీతం, వైద్యం, పెన్షన్ మీరివ్వండి, యంత్రాలు పెట్టుకోండి, మేం అడ్డురాము అన్నాడు. కంటిన్యూయస్ మైనర్ అనే యంత్రం వచ్చింది. మన సింగరేణి వాళ్లకి ఈ పేరు పరిచయమే. 1940ల చివర లక్షా పాతికవేల మంది దాకా ఉన్న గని కార్మికులు 1960ల మొదటికి యాభై వేల లోపుకి పడిపోయారు. అప్పటికి పర్యావరణ చట్టాలూ లేవు, ఒబామా పుట్టనూ లేదు. ఉద్యోగాల మీద అతి పెద్ద దెబ్బ అప్పుడే పడింది. ఇది మాత్రం ఏ ఎన్నికల సభలోనూ వినిపించదు.

మెక్‌డవెల్ కౌంటీనే తీసుకోండి. 1950లో జనాభా దాదాపు 99 వేలు. 2020లో 19 వేలు. 1960లో కెనెడీ ఓట్లడుగుతూ ఈ రాష్ట్రమంతా తిరిగి ఆ పేదరికం చూశాడు. గెలిచాక, 1961 మేలో కొత్త ఫుడ్ స్టాంపుల పథకంలో మొట్టమొదటి స్టాంపులు ఇచ్చింది వెల్చ్‌లోనే. హాట్‌ఫీల్డ్‌ని చంపిన ఊరే! నలభై ఏళ్లలో తుపాకీ పట్టిన చేతులు స్టాంపుల కోసం లైన్లో నిలబడ్డాయి. సాయం చేయడం తప్పని నేననను. కానీ యూనియన్ మనిషిగా హక్కు అడిగి తీసుకోవడం వేరు, ఆఫీసు కిటికీ దగ్గర చెయ్యి చాపడం వేరు.

1980ల్లో గనులు వరుసగా మూతపడ్డాయి. మిగిలినచోట మాసీ లాంటి కంపెనీలు 1984-85 సమ్మె తర్వాత యూనియన్ని వెనక్కి నెట్టేశాయి. యూనియన్ ఆఫీసు పోతే పోయేది జీతం బేరం ఒక్కటే కాదు. మన కష్టానికి కారణం ఎవరో సాయంత్రం కూర్చుని చెప్పే మనిషి కూడా పోతాడు.

ఆ ఖాళీలోకి ఎవరొచ్చారు? కంపెనీలే! 2002లో గని యజమానుల సంఘం 'ఫ్రెండ్స్ ఆఫ్ కోల్' అనే ప్రచారం మొదలుపెట్టింది. కార్లకి స్టిక్కర్లు, స్పాన్సర్ చేసిన ఆటలు, చివరికి రాష్ట్రంలోని రెండు పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కూడా ఆ పేరే. కూలివాడూ యజమానీ ఒకే స్టిక్కర్ కిందకి వచ్చారు. ఇక శత్రువు ఎవరు? వాషింగ్టన్. చవకగా దొరికే షేల్ గ్యాస్ బొగ్గు మార్కెట్‌ని తినేస్తున్నా, గ్యాస్ మీద ఎవరు కోప్పడతారు చెప్పండి? దానికి మొహం లేదు కదా. ఒబామాకి ఉంది.

జాతి సంగతి కూడా ఉంది, దాచడం దేనికి! 2012 డెమొక్రటిక్ ప్రైమరీలో ఒబామా మీద టెక్సాస్ జైల్లో ఉన్న ఒక ఖైదీ పోటీ చేస్తే, ఈ రాష్ట్రంలో ఆ ఖైదీకి నూటికి నలభై ఓట్లు పడ్డాయి. కానీ అదొక్కటే కారణం అంటే లెక్క కుదరదు. 2008లో మెక్‌డవెల్ కౌంటీ గెలిపించింది ఇదే ఒబామాని, 53 శాతంతో. నాలుగేళ్లకి అక్కడ రామ్నీకి 64 శాతం, 2016లో ట్రంప్‌కి 74 శాతం. అదే 2016 ప్రైమరీలో, సోషలిస్టునని చెప్పుకునే శాండర్స్ ఈ రాష్ట్రంలోని 55 కౌంటీలూ గెలిచాడు. హిల్లరీ క్లింటన్ గనులు మూతపడతాయన్న అర్థంలో అన్న ఒక్క మాట ఊరూరా తిరిగింది. కార్మికుల్ని మరిచిపోకూడదని అదే జవాబులో ఆమె అన్న మాట మాత్రం ఎవరి చెవికీ చేరలేదు.

ఇక్కడితో కథ ఆగిందా అంటే, లేదు. 2018 ఫిబ్రవరిలో ఈ రాష్ట్రంలో టీచర్లు సమ్మెకి దిగారు. 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. చాలామంది మెడలో ఎర్ర రుమాలు కట్టుకొచ్చారు, బ్లెయిర్ మౌంటెన్ గుర్తుగా. ఐదు శాతం జీతం పెంపు సాధించుకునే లోపలికి వెళ్లారు. రెండేళ్ల తర్వాత, 2020లో, అదే రాష్ట్రం మళ్లీ ట్రంప్‌కే 68 శాతం పైన ఓట్లేసింది.

మాసీ కంపెనీ సమ్మె గురించి, 2010లో 29 మందిని బలిగొన్న అప్పర్ బిగ్ బ్రాంచ్ గని పేలుడు గురించి వచ్చే ఎపిసోడ్‌లో వివరంగా చెప్పుకుందాం. అంతవరకు సెలవు.