కొలబద్ద చేతికొచ్చాకే మందు దొరికింది: యల్లాప్రగడ ప్రయోగశాల కథ

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మన బడిలో చదువుకున్న అందరికీ తెలుసు. 1895లో భీమవరంలో పుట్టారు, మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు, అమెరికా వెళ్లి గొప్ప మందులు కనిపెట్టారు. ఇంతవరకూ మనకు కంఠతా వచ్చు. ఆ మందులు ఎలా దొరికాయని మాత్రం మనం పెద్దగా అడగలేదు. వృత్తిరీత్యా ఇంజనీరును కాబట్టి నాకు ఆ 'ఎలా' మీదే ఆసక్తి. చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒకటే: ఆయన పనిలో ప్రతి పెద్ద ఫలితానికీ ముందు ఒక కొలబద్ద ఉంది.

నాకు ఆయన పరిచయమైంది జీవశాస్త్రం ద్వారా కాదు, బాయిలర్ నీళ్ల ద్వారా. థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ గొట్టాలకు పొలుసు కట్టకుండా నీళ్లలో ఫాస్ఫేటు కలుపుతారు. అది ఎక్కువైనా తక్కువైనా ముప్పే. అందుకని నమూనా తీసి, రసాయనాలు కలిపి, వచ్చిన నీలిరంగు ఎంత చిక్కగా ఉందో కలరీమీటరులో చూస్తారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పరీక్ష మూలం ఎక్కడిదని మా కెమిస్టు గారిని అడిగితే, "మీ తెలుగాయనదే నయ్యా, ఫిస్క్-సుబ్బారావు పద్ధతి" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన గురించి దొరికినదల్లా చదువుతున్నాను.

1920లలో సుబ్బారావు గారు బోస్టన్ చేరేనాటికి చేతిలో ఉన్నది మద్రాసు మెడికల్ కాలేజీ ఇచ్చిన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. గాంధీగారి పిలుపు విని ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స గదికి వెళ్లినందుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట మలమూత్రాల పాత్రలు కడిగే పని చేశారు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ దగ్గర చేరారు. అప్పటి సమస్య చెప్పడానికి చిన్నది: రక్తంలో, మూత్రంలో, కండలో ఎంత ఫాస్ఫరస్ ఉంది? ఉన్న పద్ధతులు నమ్మదగ్గవి కావు. ఆమ్ల ద్రావణంలో ఫాస్ఫేటుకు మాలిబ్డేటు కలిపి, దాన్ని తగిన పదార్థంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఉంటే రంగు అంత చిక్కన. ఆ క్షయకరణికి సరైన పదార్థం ఎంచి, పద్ధతిని స్థిరపరచి 1925లో ఇద్దరూ కలిసి ప్రచురించారు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. అదే పరీక్షను కండరసారం మీద చేస్తే రంగు వెంటనే రాలేదు. తెలిసిన ఫాస్ఫేటు ద్రావణంలో చకచకా వచ్చే నీలం, ఇక్కడ నింపాదిగా నిమిషాల మీద పెరుగుతూ పోయింది. పరీక్ష పాడైందని ఆ నమూనా పారబోయడం తేలిక. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. కండలో ఏదో పదార్థం ఫాస్ఫేటును పట్టుకుని ఉందనీ, ఆమ్లంలో మెల్లగా విడిపోతూ దాన్ని వదులుతోందనీ తేలింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దాన్ని ప్రకటించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అక్కడికే చేరాడు. కణానికి రోజువారీ ఖర్చుకు పనికొచ్చే శక్తి నాణెం ఏదో లోకానికి తెలియడంలో ఆలస్యంగా వచ్చిన ఆ నీలిరంగుకు పెద్ద వాటా ఉంది.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారారు. అక్కడి కొలబద్ద ఒక బ్యాక్టీరియా. అంతకు ముందే, 1931లో, బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలకు గర్భవతులుగా ఉన్నప్పుడు వచ్చే రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే డాక్టరమ్మ చూపించారు. ఆ సారంలో ఉన్న గుణం ఏమిటో తెలియదు. 1941లో టెక్సస్ శాస్త్రజ్ఞులు 4 టన్నుల పాలకూర నుంచి రవ్వంత పదార్థం తీసి, ఆకుకు ఉన్న లాటిన్ మాట మీదుగా ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. కంటికి కనపడనంత తక్కువ ఉన్నదాన్ని కొలవడం ఎలా? మన పెరుగులోని సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టం లాక్టోబాసిల్లస్ కేసీ. దానికి ఫోలిక్ ఆమ్లం సొంతంగా తయారుచేసుకోవడం చేతకాదు. మిగతా ఆహారమంతా పెట్టి ఇదొక్కటి ఆపితే పెరగదు. చుక్క కాలేయసారం వేస్తే, అందులో ఎంత ఉంటే అంత పెరిగి, అంత లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. ఆ ఆమ్లాన్ని బ్యూరెట్‌తో అంశమాపనం చేస్తే లెక్క తేలుతుంది. మనం పదో తరగతి దాటాక చేసిన అంశమాపనమే, జీవి ఒకటి మధ్యవర్తి, అంతే తేడా. ఈ కొలత సాయంతో వడపోస్తూ వెళ్లి 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఆ పత్రం మీద 16 మంది పేర్లున్నాయి. సోదర వియోగం కలిగించిన స్ప్రూ జబ్బుకు కూడా పనికొచ్చే మందు అది. ఆయన ఏం అనుకుని ఉంటారో ఊహించగలం.

కణం చీలడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. అయితే దాన్ని పోలిన దొంగ అణువును ఇస్తే, అదుపు తప్పి చీలే కణాలు ఆగుతాయా? లెడర్లీలో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చి చూశారు. 1948లో వచ్చిన నివేదికలో 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మెరుగైంది. సూక్ష్మదర్శిని కింద రక్తకణాలు, మజ్జకణాలు లెక్కపెట్టి చెప్పిన మాట అది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ మన ఊరి మందుల షాపులో కూడా దొరుకుతుంది.

మన వాట్సాప్ సందేశాల్లో టెట్రాసైక్లిన్లను కూడా సుబ్బారావు గారే కనిపెట్టారని వస్తుంటుంది. ఆరియోమైసిన్‌ను మిస్సోరీ మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్. పదవీ విరమణ తర్వాత, 70 దాటిన వయసులో లెడర్లీలో చేరిన వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన. ఆ పరిశోధన విభాగాన్ని నడిపినది సుబ్బారావు గారు. బోదకాలు క్రిమి మీద పనిచేసే హెట్రజాన్, అంటే మన గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర, అదే విభాగం నుంచి 1947లో వచ్చింది. దానికి కొలబద్ద, క్రిములు సోకిన పత్తి ఎలుకల రక్తం. చేయని పని అంటగడితే ఆయనకు గౌరవం పెరగదు. ఇంతమంది చేత పని చేయించి, ఎవరి పేరు వారికి ఉండనిచ్చిన మనిషి ఆయన. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఈ చరిత్ర రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. స్వర్ణోత్సవ నిధితో ఏం చేయాలని సంఘంలో చర్చ నడుస్తోంది. ముఖద్వారం కట్టిద్దామని కొందరు, పెద్ద తెరల తరగతి గదులని కొందరు అంటున్నారు. రెంటికీ నేను అడ్డు చెప్పను. కానీ ముందు ప్రయోగశాల తాళం తీద్దాం. రెండు మంచి త్రాసులు, ఒక కలరీమీటరు, ప్రతి నలుగురు పిల్లలకు ఒక బ్యూరెట్, నాలుగు సూక్ష్మదర్శినులు, వాటితో పాటు ఏటా పగిలే గాజు సామానుకూ అయిపోయే రసాయనాలకూ కొంత సొమ్ము. తెర మీద ప్రయోగం ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. చేత్తో చేసినప్పుడే రంగు ఆలస్యమవుతుంది. అప్పుడు "ఎందుకు మాస్టారూ?" అని అడిగే పిల్ల, జవాబు తెలియకపోయినా "పద, మళ్లీ చేసి చూద్దాం" అనే మాస్టారు ఉంటే చాలు. అలాంటి మాస్టార్లు మన బడిలో ఉన్నారని నాకు తెలుసు. సామాను మనం సమకూరుద్దాం. నా వంతుగా కలరీమీటరు నేను కొనిస్తాను. మిగతా జాబితా సంఘం కార్యదర్శి గారికి అందజేశాను.