డిపెండెన్సీ ఇన్వర్షన్ సూత్రం

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో క్లాసులు ఒకదానిపై ఒకటి ఆధారపడే తీరును అదుపులో ఉంచే సూత్రం. రాబర్ట్ సి. మార్టిన్ 1996లో ‘సి++ రిపోర్ట్’ పత్రికలో దీన్ని వివరించారు. పై స్థాయి మాడ్యూల్ కింది స్థాయి మాడ్యూల్‌పై నేరుగా ఆధారపడకూడదు. రెండూ ఇంటర్‌ఫేస్‌పైనే ఆధారపడాలి.

ఉదాహరణకు, బిల్లు వేసే క్లాసు తన లోపలే ‘న్యూ’ అని రాసి మైఎస్‌క్యూఎల్ ఆబ్జెక్టును సృష్టించుకుంటే, డేటాబేస్ మారిన రోజు బిల్లు కోడునూ తిరగరాయాలి. డేటాబేస్ లేకుండా పన్ను లెక్కను పరీక్షించడమూ కుదరదు. అదే, బిల్లును భద్రపరిచే ఇంటర్‌ఫేస్‌ను కన్‌స్ట్రక్టర్ ద్వారా అందుకుంటే, పరీక్షకు మెమరీలో దాచే చిన్న క్లాసు చాలు. ఇలా బయటి నుంచి అందించడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. మార్టిన్ ఫౌలర్ 2004 నాటి వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది.

ఇంటర్‌ఫేస్ ఎక్కడుందన్నదే అసలు కీలకం, తరచూ మరిచిపోయేదీ అదే. అది బిల్లు మాడ్యూల్ పక్షాన ఉండాలి. డేటాబేస్ ప్యాకేజీలో పెడితే ఆధారం దిశ మారనే మారదు. స్ట్రింగ్ వంటి స్థిరమైన క్లాసులకు ఈ ఏర్పాటు అనవసరం.