అమెజాన్ నది ఛాయాచిత్రాలు: చరిత్ర ఆధారాలుగా వాటి పరిశీలన

శాసనాలు, నాణేలు, దస్తావేజులు చరిత్ర రచనకు ఆధారాలని మీరు ఇదివరకే చదువుకున్నారు. ఛాయాచిత్రం కూడా ఆధారమే. అయితే శాసనాన్ని శంకించినంతగా మనం ఫోటోను శంకించం. కంటికి కనిపిస్తున్నదాన్ని కాదనడం ఎలా అనుకుంటాం. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి దక్షిణ అమెరికాలోని అమెజాన్ నది మంచి ఉదాహరణ. అమెజాన్ అనగానే మీ మనసులో ఏ దృశ్యం మెదులుతుంది? దట్టమైన అడవి, మెలికలు తిరిగిన నది, కొమ్మ మీద రంగుల చిలుక, గట్టున మొసలి. మనుషులు మాత్రం ఉండరు. ఈ నిర్మానుష్య దృశ్యం ఎలా ఏర్పడింది, దానివల్ల ఎవరికి ఏం జరిగింది అన్నది ఇక్కడ పరిశీలిద్దాం.

1542లో స్పెయిన్ దేశస్థుడు ఒరెయానా బృందం ఈ నది వెంట సముద్రం దాకా ప్రయాణించింది. ఆ బృందంలోని మతగురువు కార్వహాల్ గట్ల వెంబడి పెద్ద పెద్ద జనావాసాలు చూశామని రాశాడు. తరువాతి కాలంలో వచ్చినవారికి అవి కనబడలేదు. ఐరోపా నుంచి వచ్చిన మశూచి, తట్టు వంటి వ్యాధులు, బానిసల వేట ఆ జనాన్ని చాలావరకు తుడిచిపెట్టాయి. అందువల్ల కార్వహాల్ రాసింది కట్టుకథ అని చాలాకాలం కొట్టిపారేశారు. కెమెరా ఆ నదికి చేరేనాటికే అది ఖాళీ అయిన నది అన్న సంగతి గుర్తుంచుకోండి.

1867లో ఆల్బర్ట్ ఫ్రిష్ అనే జర్మన్ యువకుడు రియో డి జనీరోలోని జార్జ్ లోయిట్సింగర్ ఫోటో సంస్థ తరఫున ఎగువ అమెజాన్‌కు వెళ్ళాడు. సరిహద్దు ఊరు తబతింగా నుంచి మనౌస్ వరకు పడవలో ప్రయాణించి సుమారు వంద ఛాయాచిత్రాలు తీసుకువచ్చాడు. నది, చెట్లు, ఇళ్ళు, ఆదివాసులు వాటిలో ఉన్నారు. ఈ ప్రాంతాన్ని ఇంత విస్తృతంగా ఫోటోలు తీసిన తొలివారిలో ఆయన ఒకరు.

ఆనాటి పద్ధతి తెలియకపోతే ఆ ఫోటోలు అర్థం కావు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి ఫోటో తీయాలి. వెంటనే చీకటిలో కడగాలి. మొత్తం పని కొద్ది నిమిషాలలో ముగియాలి. అంటే చీకటి గది కూడా ఫోటోగ్రాఫర్ వెంట పడవలో ప్రయాణించాలన్నమాట. తేమ, వేడి, దోమల నడుమ, కదిలే పడవ మీద ఈ పని ఎంత కష్టమో ఊహించండి. పైగా ఆ రసాయనం నీలం వెలుగుకే బాగా స్పందిస్తుంది; ఆకుపచ్చను దాదాపు పట్టించుకోదు. అందుకే ఆనాటి ఫోటోలలో అడవి నల్లటి గోడలా, ఆకాశం తెల్లకాగితంలా ఉంటుంది. అమెజాన్ మీద ఎప్పుడూ కమ్ముకునే మేఘాలు వాటిలో కనిపించవు. చీకటి అడవి అన్న మాటకు ఈ గాజు పలకలూ కొంత కారణమే.

ఇక జంతువులు. ఫోటోకు ఎక్కువసేపు వెలుగు తగలాలి కాబట్టి ఎగిరే పక్షి, పరుగెత్తే జంతువు పలక మీద నిలవవు. కట్టేసినదో, చంపినదో అయి ఉండాలి. పాత ఫోటోలో ప్రాణి కదలకుండా, స్పష్టంగా ఉంటే అది బతికే ఉందా అని మొదట అడగాలి.

మనుషుల విషయంలో ఫ్రిష్ మరొక ఉపాయం చేశాడు. మనుషులు, దూరపు అడవి రెండూ ఒకే పలకలో చక్కగా రావు. కనుక మనుషులను సాదా నేపథ్యం ముందు ఒక పలక మీద, నదీ దృశ్యాన్ని వేరొక పలక మీద తీసి, రెండింటినీ కలిపి ఒకే ఫోటోగా అచ్చువేశాడు. మన ఊళ్ళలోని పాత స్టూడియోలలో తాజ్‌మహల్ తెర ముందు దిగిన దంపతులు ఆగ్రా వెళ్ళినట్లు ఎవరూ అనుకోరు. ఫ్రిష్ ఫోటోలో అతుకు కనబడదు కనుక అది ఉన్నదున్నట్లు తీసిందే అని చూసినవారు నమ్మారు. దీన్ని మోసం అనడం నాకు సమ్మతం కాదు, అది ఆనాటి సాంకేతిక అవసరం. కానీ ఆ ఆదివాసి ఆ గట్టునే ఉండేవాడు అనడానికి ఆ ఫోటో ఒక్కటే ఆధారంగా చాలదు.

రబ్బరు వ్యాపారం పెరిగిన కాలంలో కెమెరా సాక్షిగానూ మారింది, ప్రచారకర్తగానూ మారింది. పుటుమాయో ఉపనది ప్రాంతంలో హులియో సెసార్ అరానా కంపెనీ ఆదివాసులను కొరడాలతో కొట్టి రబ్బరు సేకరింపజేసింది. 1910లో బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ అక్కడికి వెళ్ళి దర్యాప్తు చేస్తూ ఫోటోలు కూడా తీశాడు. ఆయన నివేదిక 1912లో వెలువడింది. అదే ప్రాంతాన్ని తన కంపెనీకి మేలు కలిగేలా చిత్రీకరించడానికి అరానా సిల్వినో సాంతోస్ అనే ఛాయాగ్రాహకుణ్ణి నియమించుకున్నాడు. ఒకే ప్రాంతం గురించి రెండు రకాల సాక్ష్యాలు! ఫోటో తీయించింది ఎవరన్న ప్రశ్న ఇక్కడ మనకు దారి చూపుతుంది.

1924–25లో హామిల్టన్ రైస్ యాత్ర నీటి మీద దిగే విమానం నుంచి ఉత్తర ఉపనదులను ఫోటోలు తీసింది. ఆకాశం నుంచి చూస్తే చెట్ల తలలే కనిపిస్తాయి, వాటి కింది మనుషులు కనిపించరు. 1970లో బ్రెజిల్ సైనిక ప్రభుత్వం మేఘాలను కూడా దాటి చూడగల రాడార్‌తో అడవి అంతటినీ చిత్రించే రదాం పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది అడవి మధ్యగా మహా రహదారి నిర్మాణం ఆరంభమైంది. మనుషులు లేని భూమిని భూమి లేని మనుషులకు ఇస్తామన్నది ఆ ప్రభుత్వ నినాదం. ఆ నినాదం అబద్ధమని అక్కడ నివసించేవారికి తెలుసు. ఉత్తరాన యానోమామి ప్రజల భూమిలోకి చొచ్చుకువచ్చిన మరొక రహదారి వెంట తట్టు వ్యాపించి ఎందరో మరణించారు.

యానోమామిలను 1971 నుంచి ఫోటోలు తీసిన క్లాడియా అందుజార్ ఈ సందర్భంలో ముఖ్యురాలు. 1980ల ఆరంభంలో టీకాల కార్యక్రమం నడిచినప్పుడు, రోగుల వివరాల కోసం ఒక్కొక్కరి మెడలో సంఖ్య ఉన్న బిళ్ళ వేసి ఆమె ఫోటోలు తీసింది. ఆమె తండ్రి వైపు బంధువులు నాజీ శిబిరాలలో చనిపోయారు. మనిషికి సంఖ్య తగిలించడం అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఇక్కడ మాత్రం ఆ సంఖ్య బతికించడానికి వేసినది. ఆమె, ఆమె సహచరులు, యానోమామి నాయకులు ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నం తరువాత 1992లో ఆ ప్రజల భూమికి ప్రభుత్వం అధికారిక గుర్తింపునిచ్చింది.

వన్యప్రాణుల ఫోటోల తీరు కూడా మారింది. తెఫే పట్టణానికి దగ్గరలోని మమిరౌవా రక్షిత ప్రాంతంలో, జంతువు దగ్గరికి రాగానే తనంతట తానే పనిచేసే కెమెరాలను చెట్లకు కడుతున్నారు. జాగ్వార్ ఒంటి మచ్చలు మన వేలిముద్రల వంటివి. ఫోటోలను పోల్చి ఏది ఏ జంతువో గుర్తిస్తారు. వరద నెలల్లో నేలంతా మునిగితే అక్కడి జాగ్వార్లు చెట్ల మీదనే కాలం గడుపుతాయి. ఆ అడవిలో దారి తెలిసినవారు అక్కడి ఊళ్ళవాళ్ళే. వారు నివసించడానికి వీలు కల్పిస్తూనే ఆ ప్రాంతాన్ని రక్షిస్తున్నారు. నిర్మానుష్య అడవి అనే భావనకు ఇది పూర్తిగా విరుద్ధం.

కార్వహాల్ మాట మళ్ళీ పరిశీలనకు వచ్చింది. 2022లో బొలీవియా అమెజాన్ భాగంలో లేజర్ సర్వే చెట్ల కింద పురాతన పట్టణాల కట్టలు, దారులు, కాలువలు చూపింది. 2023 అక్టోబరులో తీవ్ర కరువు వచ్చి మనౌస్ వద్ద నది అప్పటికి నమోదైన వాటిలో అత్యంత తక్కువ స్థాయికి పడిపోయింది. నల్లని నేగ్రో, బురదరంగు సోలిమోయిస్ కలిసే చోట నీటి కింది రాళ్ళు బయటపడ్డాయి. వాటి మీద సుమారు వెయ్యి, రెండు వేల ఏళ్ళ కిందటివని పురాతత్త్వవేత్తలు అంచనా వేసే మనిషి ముఖాలు చెక్కి ఉన్నాయి. 2010 కరువులోనూ ఇవి కనబడ్డాయి. ఈసారి పత్రికల ఫోటోగ్రాఫర్లు వెళ్ళి వాటిని ఫోటోలు తీశారు. ఆ తరువాత నది పెరిగింది, ముఖాలు మళ్ళీ నీటి కిందికి వెళ్ళాయి.