తన పాట తానే పాడుకున్న నటి: శ్రీమతి భానుమతీ రామకృష్ణ

ఈ సంచిక చదివే యువతరంలో ఎవరినైనా భానుమతి ఎవరని అడిగితే, ‘మంగమ్మగారి మనవడు’లో బాలకృష్ణను గదమాయించే బామ్మ అనే సమాధానం వస్తుంది. ఆ చిత్రం 1984 నాటిది. అప్పటికి ఆమె వెండితెరకు వచ్చి నలభై అయిదేళ్లు. ఆ నలభై అయిదేళ్లలో ఆమె నటి, గాయని, నిర్మాత, దర్శకురాలు, సంగీతకర్త, కథారచయిత్రి. ‘బహుముఖ ప్రజ్ఞ’ అనే మాటను మన సభలలో ధారాళంగా వాడేస్తాము కాని, భానుమతిగారి విషయంలో ఆ మాట సరిపోదని నా అభిప్రాయం. ఆమె ఒక కళ తరువాత మరొక కళను చేపట్టిన తీరు చూస్తే, తన పని పగ్గాలు పరుల చేతికి పోనీయరాదనే పట్టుదలే అందులో ప్రధానంగా కనిపిస్తుంది.

నేటి ప్రకాశం జిల్లాలో, ఒంగోలుకు సమీపాననున్న దొడ్డవరంలో 1925లో ఆమె జన్మించారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు సంగీతప్రియులు. కూతురికి తొలి గురువు ఆయనే. 1939లో సి. పుల్లయ్యగారు కాళ్ళకూరి నారాయణరావుగారి ‘వరవిక్రయము’ నాటకాన్ని చలనచిత్రంగా తీసినప్పుడు, వరకట్నానికి బలియైన కాళింది పాత్ర ఆమెకు లభించింది. పదమూడేళ్ల పిల్ల! కథానాయకుడు తన కుమార్తెను తాకరాదని తండ్రి షరతు పెట్టి మరీ నటింపనిచ్చారట. కుటుంబస్త్రీలు సినిమాలలో చేరడమే అప్రతిష్టగా భావించిన కాలమది.

‘కృష్ణప్రేమ’ చిత్రీకరణ సమయంలో సహాయ దర్శకులుగా ఉన్న పి.యస్. రామకృష్ణారావుగారితో పరిచయమై, 1943లో వివాహమైనది. సినిమాలు మానివేసి గృహిణిగా స్థిరపడాలన్నదే అప్పటి ఆమె సంకల్పం. బి.యన్. రెడ్డిగారు పట్టుబట్టి ‘స్వర్గసీమ’ (1945)లో నటింపజేశారు. వీధిలో ఆడిపాడే సుబ్బి, రంగస్థల తార సుజాతాదేవిగా మారి, నాగయ్యగారు ధరించిన సంసారి పాత్రను వ్యామోహంలో ముంచే కథ అది. అందులో ఆమె పాడిన పావురం పాట ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది. ఇక సినిమాలు మానే ప్రసక్తి లేకపోయింది.

ఇక్కడ ఒక సంగతి యువపాఠకులకు విశదం చేయాలి. ఆ దశాబ్దం చివరికి నేపథ్యగానం స్థిరపడింది. తెరమీద నటి పెదవులు కదుపుతుంటే వెనుకనుండి మరొకరు పాడేవారు. చాలామంది ఆ సౌకర్యాన్ని స్వీకరించారు. భానుమతిగారు స్వీకరించలేదు. తన పాత్రకు తన గొంతే ఉండాలన్నారు. అందువలననే ‘మల్లీశ్వరి’ (1951)లో మాటకూ పాటకూ నడుమ అతుకు కనిపించదు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి సాహిత్యం, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతం, ఆ రెంటినీ మోసిన కంఠం ఆమెది. నాగరాజు కోసం ఎదురుచూసే మల్లి మాట్లాడుతూ మాట్లాడుతూ ఎప్పుడు పాటలోకి వెళ్లిందో మనం గుర్తుపట్టలేము. 1953లో ఈ చిత్రాన్ని చైనాలో చైనీస్ ఉపశీర్షికలతో ప్రదర్శించారు.

ఆలయ సభ్యులమైన మనకు మరింత దగ్గరైన చిత్రం ‘విప్రనారాయణ’ (1954). శ్రీరంగంలో రంగనాథునికి పూలమాలలు సమర్పించిన తొండరడిప్పొడి ఆళ్వారుల కథ ఇది. తెల్లవారుజామున స్వామిని మేల్కొలిపే తిరుప్పళ్ళియెళుచ్చి ఆయన రచనయే. తెలుగులో సారంగు తమ్మయకవి ‘వైజయంతీవిలాసము’గా ఇదే కథను కావ్యం చేశాడు. తనవైపు కన్నెత్తి చూడని భక్తుణ్ణి లొంగదీస్తానని పంతం పట్టిన దేవదేవిగా భానుమతిగారు నటించారు. నాయకుడు అక్కినేనిగారికి ఏ.యం. రాజా పాడగా, తన పాటలు ఆమే పాడుకున్నారు. వాటిలో జయదేవుని అష్టపదియు ఉన్నది. పంతంతో మొదలైన అభినయం క్రమంగా అనురాగంగా, పిదప పశ్చాత్తాపంగా మారుతుంది. ఆ మార్పు ముఖంలో కంటే ముందు గొంతులోనే వినబడుతుందని నాకు తోస్తుంది.

ఈ చిత్రం దంపతుల సొంత సంస్థ భరణీ పిక్చర్స్‌ది. కుమారుని పేర స్థాపించిన ఆ సంస్థ ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ తీసింది. సాలిగ్రామంలో సొంత స్టూడియో కూడ వెలసింది. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటిలోనూ ఆమెయే దర్శకత్వం వహించి, ద్విపాత్రాభినయం చేశారు. అప్పటికామె వయస్సు ముప్పయి దాటలేదు. దక్షిణాదిన అంతకుముందు తమిళంలో టి.పి. రాజలక్ష్మి మెగాఫోను పట్టారు. తెలుగులో భానుమతిగారే మొదటివారు. మరుసటి ఏడు ‘చక్రపాణి’కి సంగీతమూ ఆమెదే. తమిళులు ఆమెను తమ నటిగానే భావించారు. అన్నాదురైగారు ‘నడిప్పుక్కు ఇలక్కణం’, అనగా నటనకు వ్యాకరణం, అని బిరుదిచ్చారు.

ఈ స్వాతంత్ర్యానికి మూల్యం లేకపోలేదు. ‘మిస్సమ్మ’ (1955)లో నాయిక మొదట ఆమెయే. వరలక్ష్మీ వ్రతంనాడు పూజ ముగించుకుని ఆలస్యంగా వచ్చారని, నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ కోరారని, ఆమె నిరాకరించారని చిత్రసీమలో ప్రసిద్ధమైన కథనం. పాత్ర సావిత్రిగారికి దక్కింది. సావిత్రి మహానటి కావడానికి అదొక మెట్టయింది. పట్టుదల ఎవరిదైనా, నష్టపోయింది మాత్రం భానుమతిగారే. ఆ నాయికగా ఆమె ఎట్లా నటించి ఉండేవారో ఊహించుకోవడమే మనకు మిగిలింది.

సత్కారాల జాబితా పొడుగైనది. 1966లో పద్మశ్రీ, 1985లో రఘుపతి వెంకయ్య పురస్కారం, 2001లో పద్మభూషణ్ లభించాయి. మద్రాసు ప్రభుత్వ సంగీత కళాశాలకు అధిపతిగానూ పనిచేశారు. 1982లో కేవలం బాలబాలికలతో ‘భక్త ధ్రువ మార్కండేయ’ తీశారు. మన పిల్లలకు చూపదగిన చిత్రం.

నాకు అన్నిటికన్న ఇష్టమైనవి ఆమె ‘అత్తగారి కథలు’. వీటికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మడి, ఆచారం, ఆవకాయ, పొదుపు, అన్నిటా తనదే చివరిమాట అనుకునే అత్తగారు. ఎదురు చెప్పకుండా లోలోపల నవ్వుకునే కోడలు. తెరమీద ఎవరికీ తలవంచని భానుమతిగారు కథలో మాత్రం కోడలిగా ఒదిగి కూర్చుని, కలాన్ని మాత్రం తన చేతిలో ఉంచుకున్నారు! అత్తగారిని ఎక్కడా చులకన చేయలేదు. ఆరునెలల వీసామీద వచ్చి, పెట్టెలో బట్టలకంటే పచ్చడి సీసాలే ఎక్కువగా తెచ్చుకునే మన ఇళ్లలోని బామ్మలు ఆ పుటలలో యథాతథంగా కనిపిస్తారు. తన ఆత్మకథ ‘నాలో నేను’కు సినిమా గ్రంథాలకిచ్చే జాతీయ పురస్కారం లభించింది. 2005 డిసెంబరు 24న ఆమె చెన్నైలో కన్నుమూశారు.

తెలుగు లిపి చదవలేని పిల్లలు ‘అత్తగారి కథలు’ను ఇంట్లో బామ్మ చేతనే చదివించుకోవచ్చును. మధ్యమధ్య ఆవిడ ఆగి, “ఇది నన్ను గురించే వ్రాసినట్లుందే!” అనకుండా ఉండరు.